యురేనియము అన్వేషణము: నష్టమునకు పాలివారెవరు?

సికింద్రాబాదు నిలిచియున్న నేల గ్రానైటు శిల. మౌలాలీ గుట్టమీదను, తిరుమలగిరి, బొల్లారము త్రోవలయందును ఒకదానిపై నొకటి నిలువబెట్టినట్లు కనబడు గుండ్లను ఎవ్వరును పేర్చలేదు. సుమారు 250 కోట్ల సంవత్సరముల క్రిందట భూగర్భమున ద్రవరూపమున నుండి మెల్లమెల్లగా గట్టిపడిన శిల, పైనున్న పొరలు కోతకు లోనై తొలగిపోయిన పిదప బయల్పడి, పగుళ్ళవెంట ఎండవానలకు అరిగి, మిగిలినంత మేర గుండ్లై నిలిచినది. ఈ శిలలో యురేనియము కలదు. భూపటలమున సగటున టన్ను రాతికి 2.7 గ్రాముల యురేనియము ఉండగా, గ్రానైటులలో సాధారణముగా అంతకంటె కొంత హెచ్చుగనే యుండును. వెండికంటె ఎన్నో రెట్లు విస్తారముగా దొరకు ఈ లోహము సముద్రజలమునందు సైతము టన్నుకు 3 మిల్లీగ్రాముల చొప్పున కరగియున్నది. కావున యురేనియము ఎక్కడున్నదని యడిగిన సికింద్రాబాదు వానితో ‘మీ యింటి పునాదిరాతిలో’ నని చెప్పుట పరిహాసము కాదు. వెదకువారి ప్రశ్న వేఱు. అంతటను వెదజల్లబడియున్న ఈ పదార్థమును ప్రకృతి ఏ మూల కుప్పబోసినదన్నదే వారికి కావలసినది.

ఆ ప్రశ్నకు సమాధానము వెదకుటయే వృత్తిగాగల కార్యాలయము సికింద్రాబాదును ఆనుకొనియున్న బేగంపేటలో కలదు. అణుఖనిజ అన్వేషణ పరిశోధన సంచాలకాలయమన్నది దాని నిండుపేరు, వాడుకలో ఏ.ఎం.డి. హిమాలయముల భూగర్భ నిర్మాణమును పరిశోధించి ఖ్యాతి గాంచిన డి.ఎన్. వాడియా నాయకత్వమున 1949 జులై 29వ తేదీన ‘అరుదైన ఖనిజముల సర్వే విభాగము’గా పుట్టిన ఈ సంస్థ, 1958లో అణుఖనిజ విభాగమై, 1998లో ఇప్పటి పేరును ధరించినది. ఢిల్లీయందుండిన ప్రధాన కార్యాలయము 1970ల దశకమున హైదరాబాదునకు తరలివచ్చెను. నగరమునకు తూర్పు కొసను, మౌలాలీకి ఆవల, 1971లో నెలకొన్న అణు ఇంధన సముదాయము, అనగా ఎన్.ఎఫ్.సి., ఈ కథకు రెండవ కొస: ఎక్కడనో గనిలో త్రవ్వి శుద్ధిచేసిన పచ్చని పొడి అక్కడికి వచ్చి, మఱింత శుద్ధియై, యురేనియము ఆక్సైడు బిళ్ళలుగా అచ్చొత్తబడి, సుమారు 1,700 డిగ్రీల వేడిమిలో కాలి, జిర్కోనియము మిశ్రలోహపు గొట్టములలో కూర్చబడి, 220 మెగావాట్ల రియాక్టర్లకైతే పందొమ్మిదేసి గొట్టముల కట్టలుగా వెడలిపోవును. వెదకుట ఈ వైపున, వండుట ఆ వైపున. నడుమ సికింద్రాబాదు రైల్వేస్టేషనులో బండికై నిరీక్షించు లక్షలాది ప్రయాణికులు. వీరిలో ఈ రెండు కార్యాలయములను గూర్చి యెఱిగినవారు మిక్కిలి తక్కువ. ఈ యధ్యాయము మొదటి కొసకు, అనగా వెదకుటకు, సంబంధించినది.

యురేనియము కుప్పపడుటకు కారణము దాని రసాయన స్వభావమునందే యున్నది. ప్రాణవాయువు సమృద్ధిగా నున్నచోట అది నీటిలో సులభముగా కరగి, ఆ నీటితో శిలల పగుళ్ళవెంట ఎంతదూరమైనను ప్రయాణించును. ప్రాణవాయువును హరించు పదార్థము, అది బొగ్గు గాని, గంధకముతో కూడిన ఇనుప ఖనిజము గాని, నాచువంటి జీవుల శేషము గాని, త్రోవలో అడ్డుపడినచో యురేనియము ఆ నీటిలో నిలువలేక నల్లని ఖనిజమై అడుగంటును. ఇట్టి ప్రయాణము, ఇట్టి నిలుపుదల కోట్ల సంవత్సరములు సాగినగాని నిక్షేపము ఏర్పడదు. భూమి పుట్టిన తొలి దశలో గాలిలో ప్రాణవాయువు దాదాపు లేదనియు, సుమారు 230, 240 కోట్ల యేండ్ల క్రిందట మాత్రమే అది హెచ్చినదనియు శాస్త్రజ్ఞుల నిర్ణయము. ఆ మార్పు తరువాత పేరుకొన్న శిలలను, వాని క్రింద యురేనియము ఎక్కువగా గల పాత గ్రానైటులను, ఒక్కచోట చూడగలిగిన భూగర్భశాస్త్రజ్ఞుని మనస్సు ఉత్సాహపడుటలో వింత లేదు.

తెలుగుదేశమున అట్టి చోటు కలదు. అది కడప ద్రోణి. పటముమీద నెలవంకవలె వంగి, సుమారు 440 కిలోమీటర్ల పొడవున, రమారమి 44,000 చదరపు కిలోమీటర్లు వ్యాపించిన ఈ శిలాసముదాయమును విలియము కింగు అను ఆంగ్లేయుడు భారత భూగర్భ పరిశీలన సంస్థ పక్షమున కాలినడకను, గుఱ్ఱముమీదను తిరిగి పరిశీలించి, 1872లో దానిని గూర్చిన బృహద్గ్రంథమును ప్రకటించెను. ఆయన వెదకినది యురేనియము కాదు. ఆ లోహము ఆనాటికి గాజుకు రంగువేయుటకు తప్ప ఎక్కువగా పనికివచ్చునది కాదు. కాని కడపజిల్లా ముగ్గురాయి, రాతినార, నాపరాళ్ళు నేడు ఎవ్వరెఱుగరు? ఆ సంపదలన్నియు దాగిన పొరల వరుసక్రమమును తొలుదొలుత తీర్చి చెప్పిన ఘనత ఆయనదే. నూఱు సంవత్సరములు గడచినపిదప ఏ.ఎం.డి. వారు అదే పటమును చేతబట్టి అవే కొండలెక్కిరి.

ద్రోణికి ఉత్తరపు కొసను, కృష్ణకు అటునిటు, మఱియొక విశేషము కలదు. ఆ ప్రాంతమున పాత గ్రానైటు నేల కోట్ల యేండ్లు గాలికి, వానకు గుఱియై అరిగి చదునైన తరువాత, దానిపై ఇసుక పొరలు పొరలుగా పడి గట్టి రాయిగా మాఱినది. క్రింది గ్రానైటు కథ ముగియుటకును, పై రాతి కథ మొదలగుటకును నడుమ గడచిన కాలమునకు అక్కడ ఏ గుర్తును లేదు. ఒక హద్దు మాత్రమే మిగిలినది. దీనిని అన్‌కన్‌ఫార్మిటీ యందురు. ఆ హద్దువెంట నీరు నడచును, ఆ నీటివెంట యురేనియము నడచును. ప్రపంచమున అన్నిటికంటె ఘనమైన యురేనియము గనులు, కెనడాలో సస్కాచివాన్ రాష్ట్రపు అథబాస్కా ద్రోణిలో, ఇట్టి హద్దునందే దొరకినవి. శ్రీశైలపు రాయి క్రింద, పల్నాటి కొప్పునూరువద్ద బనగానపల్లె రాయి క్రింద, అట్టి హద్దే కనబడినప్పుడు మనవారికి అథబాస్కా జ్ఞప్తికి వచ్చుట సహజమే.

అయితే హద్దు దొరకుట వేఱు, ఖనిజము దొరకుట వేఱు. వెదకుట యెట్లు సాగునో కొంచెము విపులముగా చెప్పవలెను. ఏలయన, ఈ వృత్తిలో నూటికి తొంబదిపాళ్ళు లేదనిపించుకొనుటయేనన్న సంగతి అప్పుడుగాని బోధపడదు. ముందుగా విమానమో హెలికాప్టరో నేలకు వీలైనంత దగ్గఱగా, సమాంతర రేఖలలో, పొలము దున్నినట్లు ఎగురును. లోపల సోడియము అయొడైడు స్ఫటికములు గల యంత్రము క్రిందినుండి వచ్చు గామాకిరణములను లెక్కించుచుండును. ఆ కిరణములలో మూడు శక్తులు ముఖ్యములు: 1.46 వచ్చిన పొటాసియము, 2.62 వచ్చిన థోరియపు సంతతి, 1.76 వచ్చిన యురేనియపు సంతతి. ఇవి మిలియన్ ఎలక్ట్రాను వోల్టుల లెక్క. ఇందులో గమనింపదగిన సంగతి, యంత్రము చూచునది యురేనియమును కాదు. యురేనియము 447 కోట్ల సంవత్సరములకు సగమై, అనేక రూపములు దాల్చి తుదకు సీసమగుచు పోవు త్రోవలో బిస్మతు అనునొక మజిలీ కలదు, 1.76 శక్తిగల కిరణమును వెదజల్లునది ఆ బిస్మతు. ఆ బిస్మతునకు ముందు రేడాన్ వాయువు కలదు. అది వాయువు గనుక పుట్టినచోటనే యుండవలెనను నియమము లేదు, పగుళ్ళవెంట పారిపోవును. రేడియము నీటితో కొట్టుకొనిపోవచ్చును. కావున యంత్రము గట్టిగా పలికినచోట యురేనియము లేకపోవచ్చును. ఉన్నచోట యంత్రము మౌనము వహింపవచ్చును. పైగా గామాకిరణములు నేలపై నుండు అడుగు, అడుగున్నర మందమునుండి మాత్రమే పైకి రాగలవు. అంతకు క్రింద ఘనమైన నిక్షేపమున్నను ఆకాశమునుండి దాని జాడ తెలియదు. అట్టిచోట విద్యుదయస్కాంత తరంగములతో శిలలోని పగుళ్ళను, గ్రాఫైటు పొరలను పసిగట్టవలెను. బావుల నీటిని, నేలలోని రేడానును కొలువవలెను. కాలినడకను కొండలెక్కి రాతిరాతికి యంత్రము నానింపవలెను.

ఇంత చేసినపిదపనే డ్రిల్లింగు. వజ్రపు ముక్కలు పొదిగిన గొట్టము రాతిని తొలిచి, కడ్డీ రూపమున దానిని పైకి తెచ్చును. ఆ కడ్డీని కోరు అందురు. కోరులను లోతువారీగా పెట్టెలలో వరుసగా పేర్చి, అంగుళమంగుళము పరీక్షించి, కొన్ని ముక్కలను ప్రయోగశాలకు పంపుదురు. బోరులోనికి గామాయంత్రమును దింపి లోతులోతునను చదువుదురు. ఒక బోరులో ఖనిజము కనబడి, యాబది గజముల దూరమున రెండవ బోరులో మాయమగుట ఈ వృత్తిలో నిత్యకృత్యము. బోరులను తొలుత దూరదూరముగా వేసి, ఆశ చిక్కినచోట దగ్గఱదగ్గఱగా వేయుచు, ఎంత రాయి, అందులో ఎంత పాళ్ళున ఖనిజము, ఎంత లోతున, త్రవ్వితీయ తగునా యని లెక్కకట్టుటకు పది సంవత్సరములు పట్టినను పట్టును. లెక్కలన్నియు తేలినపిదప ‘త్రవ్వుట గిట్టదు’ అని కాగితముమీద వ్రాసి, బీరువాలో పెట్టుట తఱచుగా జరుగు ముగింపు.

ఇట్లు పోయిన ధనము ఎవరిది? అథబాస్కాలో ఈ ప్రశ్నకు జాయింటు వెంచరు అను ఏర్పాటు సమాధానము చెప్పినది. భూమియుండి ఎద్దులు లేని రైతు, ఎద్దులుండి భూమి లేనివానికి పొలమును పాలుకిచ్చుట మనకు క్రొత్త కాదు. అక్కడి ఏర్పాటు ఇంచుమించు అట్టిదే. ఒక చిన్న సంస్థకు వెదకు హక్కుగల భూమి యుండును గాని డ్రిల్లింగునకు డబ్బుండదు. పెద్ద సంస్థ వచ్చి, ‘ఇన్ని సంవత్సరములలో ఇన్ని లక్షల డాలర్లు నేను ఇక్కడ వెచ్చించెదను, అంతట ఇందులో ఇంత పాలు నాది’ అని ఒడంబడిక వ్రాసికొనును. గడువులోపల మాట తప్పి వెళ్ళిపోయినచో పాలు దక్కదు. వేసిన బోరుల లెక్కలు మాత్రము భూమి గలవానికే మిగులును. మాట నిలుపుకొన్నచో ఇద్దఱును పాలివారగుదురు. ఒకరు పని నడుపువారు. తక్కినవారి ప్రతినిధులతో ఒక సంఘముండును. ఏటేట ఎన్ని బోరులు వేయవలెనో, ఎంత ఖర్చో ఆ సంఘము తీర్మానించును. తనవంతు సొమ్ము కట్టలేనివాని పాలు ఏటికేడు తఱిగిపోవును.

సిగార్ లేకు అను గని ఇందులకు చక్కని దృష్టాంతము. 1981లో సుమారు 450 మీటర్ల లోతున బోరులో చిక్కిన ఈ నిక్షేపమున ఖనిజపు పాలు నూటికి సుమారు 15. కాని పైనున్న ఇసుకరాతి నిండ నీరు. గని త్రవ్వుచుండగా 2006లో ఒకసారి, 2008లో మఱియొకసారి నీరు పొంగి సర్వము మునిగిపోయెను. నేలను గడ్డకట్టించి, వేగముగా చిమ్ము నీటిధారతో ఖనిజమును కోసి, మనుష్యులు దగ్గఱకు పోకుండ దానిని పైకి తెచ్చు ఉపాయమును సిద్ధపఱచి, 2014లోగాని ఉత్పత్తి మొదలుపెట్టలేకపోయిరి. కనుగొన్ననాటికిని, పంట చేతికి వచ్చిననాటికిని నడుమ 33 సంవత్సరములు! ఒక్క సంస్థయే ఇంత కాలము ఇంత నష్టమును మోసియుండునా? 2022 నాటి లెక్కప్రకారము అందులో కెనడా సంస్థయైన కామెకోకు 54.547 శాతము, ఫ్రాన్సు దేశపు ఓరానోకు 40.453 శాతము, జపానుదేశపు టెప్కోకు 5 శాతము పాళ్ళున్నవి. టెప్కో గనుల సంస్థ కాదు. ఫుకుషిమా రియాక్టర్లు నడపిన విద్యుత్సంస్థ. ఇంధనము కొనువాడే గనిలో పాలివాడగుట వలన, లాభము వచ్చినను రాకపోయినను, రియాక్టరునకు ఇంధనము కొఱవడదన్న భరోసా కలుగును. కెనడా ప్రభుత్వమును ఊరకుండలేదు: ఉత్పత్తి మొదలగునాటికి యురేనియము గనిలో 51 శాతమైనను కెనడావారి చేత నుండవలెనని 1987లో విధానము చేసినది. స్వేచ్ఛావాణిజ్యము మాట ఎట్లున్నను, యురేనియము విషయమున ఏ ప్రభుత్వమును తలుపు బార్లా తెఱువదు.

మన ప్రభుత్వము తలుపే మూసికొన్నది. 1948లో తొలి అణుశక్తి చట్టము వచ్చినది. 1962 చట్టము దానిని గట్టిపఱచినది. యురేనియమును వెదకుట, త్రవ్వుట, శుద్ధిచేయుట ప్రభుత్వమువారి సొత్తుగా నిలిచెను. అట్లని మనదేశమున పొత్తు లేదనుటకు వీలులేదు. అది ఇంటిలోని పొత్తు. ఏ.ఎం.డి. వెదకును, 1967లో ఏర్పడిన యురేనియము కార్పొరేషను, అనగా యూసిల్, త్రవ్వి పచ్చపొడి చేయును, ట్రాంబేలోని భాభా కేంద్రము రసాయన రహస్యము లందించును, ఎన్.ఎఫ్.సి. ఇంధనముగా మార్చును; అణువిద్యుత్ సంస్థ దానిని మండించును. వీరినడుమ పాళ్ళపత్రములు లేవు, నష్టము వచ్చినచో ఎవరి భాగమెంతయన్న వివాదము లేదు. నష్టమంతయు ఖజానాది.

ఈ పద్ధతిలో మేలు లేకపోలేదు. తుమ్మలపల్లె కథయే ఇందుకు సాక్ష్యము.

కడపజిల్లా వేముల మండలములోని తుమ్మలపల్లె పులివెందులకు చేరువ పల్లె. చుట్టును అరటితోటలు, చీనీతోటలు. రాతినార గనులకు, ముగ్గురాతి గనులకు పేరుపడ్డ వేంపల్లె డోలమైటు పొరలలోనే యురేనియమున్నదని ఏ.ఎం.డి. వారు 1980ల దశకముననే కనుగొనిరి. రెండు సన్నని పొరలుగా, పదునైదు డిగ్రీల స్వల్పమైన వాలుతో, కిలోమీటర్ల తరబడి విచ్ఛిత్తి లేక సాగిన ఆ ఖనిజమును చూచి సంతోషింపని భూగర్భశాస్త్రజ్ఞుడుండడు. కాని పాలు మిక్కిలి తక్కువ: టన్ను రాతికి అరకిలోకు లోపల. అంతకంటె పెద్ద చిక్కు ఆ రాతి స్వభావము. అప్పటికి మనకు తెలిసిన విద్య జాదుగూడ యురేనియము గనిలో వాడు విద్య; రాతిని పొడిచేసి గంధకామ్లములో కరగించుట. ఇది సున్నపుజాతి రాయి. ఆమ్లము పోసినచో యురేనియమును ముట్టకముందే సున్నము దానిని త్రాగివేయును. ఎంత ఆమ్లము పోసినను చాలదు. లెక్కలు చూచి బీరువాలో పెట్టిరి.

లాభాపేక్షగల సంస్థయైనచో ఆ భూమిని వదలివేసి, ఆ కోరుపెట్టెలను చెదలకు విడిచియుండును. ఇక్కడ అట్లు జరుగలేదు. ఆమ్లము పనికిరానిచోట క్షారము పనికివచ్చునేమోనని భాభా కేంద్రమువారు, యూసిల్ వారు, ఏ.ఎం.డి. వారు ఏండ్ల తరబడి ప్రయోగములు చేసిరి. సోడియము కార్బొనేటు, బైకార్బొనేటు ద్రావణములో మెత్తని రాతిపొడిని కలిపి, మూతబిగించిన పెద్ద పాత్రలలో నీరు మఱుగు వేడిమికంటె హెచ్చు వేడిమిని, ప్రాణవాయువును, ఒత్తిడిని కల్పించినచో యురేనియము కరగును, సున్నపురాయి కరగదు. 2007 నవంబరున వై.ఎస్. రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా నుండగా అక్కడ గనికి, కర్మాగారమునకు శంకుస్థాపన జరిగెను. 2012లో రోజుకు 3,000 టన్నుల రాతిని శుద్ధిచేయు కర్మాగారము పని ప్రారంభించెను. క్షారపద్ధతిన నడచు యురేనియము కర్మాగారము మనదేశమున అదియే మొదటిది. నడుమ 2011 జులైలో, అణుశక్తి సంఘాధ్యక్షుడు శ్రీకుమార్ బెనర్జీ అక్కడ 49,000 టన్నులు నిర్ధారణయైనవనియు, మొత్తము ఒకటిన్నర లక్షల టన్నులవఱకు పెరుగవచ్చుననియు ప్రకటింపగా, పత్రికలు ప్రపంచములోనే గొప్ప గనియని పెద్ద అక్షరములతో అచ్చొత్తినవి. టన్నులు చెప్పిరి గాని పాలు చెప్పలేదు. సిగార్ లేకులో టన్ను రాతికి సుమారు 150 కిలోల ఆక్సైడు; తుమ్మలపల్లెలో అరకిలోకు తక్కువ. మూడువందల రెట్ల భేదము! పేరు ఒకటే, పదార్థము ఒకటే, ఒక టన్ను పైకి తెచ్చుటకు పడు శ్రమ మాత్రము ఒకటి కాదు.

శ్రమయే కాదు, మిగులు చెత్తయు ఒకటి కాదు. రోజుకు 3,000 టన్నుల రాయి లోనికిపోయినచో వెలుపలికి వచ్చు పచ్చపొడి ఒక టన్ను చుట్టుప్రక్కల. తక్కిన రాయి యంతయు బురదయై టెయిలింగు చెరువునకు పోవలెను. పైగా యురేనియము తీసివేసినంత మాత్రమున ఆ బురద సామాన్యమైన మట్టి కాదు. థోరియము-230, రేడియము మొదలగు సంతతి అందులోనే నిలిచిపోవును. ఖనిజములో నుండిన రేడియోధార్మికతలో ఎనుబదియైదు పాళ్ళ వఱకు చెరువునకే చేరును. రేడియము సగమగుటకు 1,600 యేండ్లు, దానిని పుట్టించు థోరియము సగమగుటకు సుమారు 75,000 యేండ్లు. కె.కె. కొట్టాల, మబ్బుచింతలపల్లె మొదలగు గ్రామముల రైతులు తమ బోరునీరు చెడినదనియు, అరటి చెట్లు ఎదుగుటలేదనియు కొన్నియేండ్లుగా మొఱపెట్టుచున్నారు. చెరువు అడుగున వేయవలసిన పొర నిబంధనల ప్రకారము లేదని రాష్ట్ర కాలుష్య నియంత్రణమండలి 2019లో సంస్థకు నోటీసిచ్చెను. సంస్థవారు దోషము నంగీకరింపలేదు.

నల్లగొండలో కథ వేఱు మలుపు తిరిగెను. నాగార్జునసాగరమునకు చేరువ, గ్రానైటు నేలమీద బల్లపరపుగా శ్రీశైలపు రాయి కప్పియున్న గట్లకు లంబాపూరు, పెద్దగట్టు, చిత్రియాలు అని పేర్లు. ఇక్కడ హద్దు లోతుగా లేదు. గట్టు అంచున నిలిచి చూచినచో కంటికే అగపడును. 1990ల దశకమున ఏ.ఎం.డి. వారు అక్కడ నిక్షేపములను నిర్ధారణ చేసిరి. త్రవ్వుటకు యూసిల్ ముందునకు రాగా, 2003 ఆగస్టులో ప్రజాభిప్రాయసేకరణ సభలో తండాలవారు, సాగరజలములను గూర్చి ఆందోళన చెందినవారు గట్టిగా ఎదిరించిరి. హైదరాబాదు, సికింద్రాబాదు జంటనగరముల కొళాయిలకు ఆ కృష్ణాజలమే వచ్చునన్న మాటయు ఆ సభకు బలమిచ్చినది. ఆ గని నేటివఱకు త్రవ్వబడలేదు. 2019లో అమ్రాబాదు పెద్దపులుల అభయారణ్యములో 83 చదరపు కిలోమీటర్ల మేర, నాలుగువేల బోరులు వేసి వెదకుటకు కేంద్ర అటవీ సలహాసంఘము సూత్రప్రాయముగా సమ్మతింపగా, నల్లమల చెంచులనుండి నగరములోని చలనచిత్ర నటులవఱకు నిరసన తెలిపిరి. ఆ యేడు సెప్టెంబరు 16న తెలంగాణ శాసనసభ వ్యతిరేక తీర్మానము చేసెను.

‘మేము వెదకెదమనినామే గాని, త్రవ్వెదమనలేదు’ అని అప్పుడు ఏ.ఎం.డి. పక్షమున వినబడిన మాట. శాస్త్రదృష్టితో చూచినచో అది నిజమే. వెదకినచోట్లలో అధికభాగము త్రవ్వకమునకు నోచుకొనవని పైన చెప్పియే యున్నాను. కాని చెంచువాని యనుమానమును తెలివితక్కువ యనజాలము. లేదనిపించుకొనుటకై ఎవ్వరును నాలుగువేల బోరులు వేయరు, ఉన్నదనిపించుకొనుటకే వేయుదురు. ఉన్నదని తేలిననాడు తాను ఎక్కడికి పోవలెనని వాడడిగిన ప్రశ్నకు అన్వేషణశాఖ జవాబు చెప్పజాలదు, అది దాని పని కాదు. జవాబు చెప్పవలసిన శాఖ ఆనాటికింకను రంగముమీదికి రాదు.

ఇంతలో సికింద్రాబాదు ప్రక్కనున్న ఎన్.ఎఫ్.సి. ఆకలి స్వదేశపు గనులతో తీరలేదు. 2007, 2008 ప్రాంతములలో ఇంధనము చాలక మన రియాక్టర్లను పూర్తి సామర్థ్యమున నడపలేకపోయిరి. 2008 సెప్టెంబరులో అణుసరఫరా దేశముల కూటమి మనకు మినహాయింపు నిచ్చినపిదప, 2009లో ఫ్రాన్సునుండి 300 టన్నుల యురేనియము కొని తెచ్చిరి. కజకస్తానుతోను ఒప్పందములు కుదిరినవి. 2015 ఏప్రిలులో కామెకోతో 71 లక్షల పౌన్ల సరఫరాకు ఒడంబడిక జరిగెను. ఇవి యన్నియు కొనుగోళ్ళు. టెప్కోకువలె ఆ గనులలో మనకు పాలు లేదు. ధర పెరిగినచో పెరిగిన ధరయే చెల్లింపవలెను. ఇతర దేశపు గనిలో పాలుకొనుట గొప్ప ఉపాయమని కొందఱందురు. నాకు అందు అంత ఆస్థ లేదు. సిగార్ లేకు రెండుమార్లు మునిగినప్పుడు పాలివారందఱును మునిగిరి.

జాయింటు వెంచరునుండి మనము గ్రహింపదగినది డబ్బు పంచుకొనుట కాదు. మన ఖజానా ఆ బరువును మోయగలదు, మోసినది. ఏటేట లెక్క చెప్పించుకొను పాలివాడుండుట గ్రహింపదగినది. అథబాస్కాలో అయిదు శాతము పాలివాడు సైతము బోరుల ఫలితములను, ఖర్చులను, ప్రమాదములను పత్రరూపమున చూచును, అభ్యంతరము చెప్పును. మన ఇంటిపొత్తులో అట్టివాడు లేడు. ఉండవలసినవాడు వేముల మండలపు అరటిరైతు, పెద్దగట్టు లంబాడీ, నల్లమల చెంచు. ఏలయన నష్టములో వారికి పాలున్నది, లెక్కలలో లేదు. దేశరక్షణ రహస్యమన్న మాట రియాక్టరు విషయమున కొంత సమంజసమేమో గాని, బావినీటిలో యురేనియమెంతయన్నది ఏ శత్రువునకును పనికివచ్చు రహస్యము కాదు.

కావున పాఠకులకు ఒక విన్నపము. యురేనియము గనికి పర్యావరణ అనుమతి కోరునప్పుడు ప్రజాభిప్రాయసేకరణ జరుపవలెనన్న నియమము 2025వఱకు ఉండెను. ప్రభావ నివేదిక సంగ్రహమును తెలుగున ముందుగా అందుబాటులో నుంచవలసియుండెను. మీ మండలమున అట్టి సభ ఏర్పాటైనచో ఆ సంగ్రహమును ముందే తెచ్చుకొని చదువుడు. సభలో ఉపన్యాసములకంటె మూడు సంగతులను అడుగుడు: ఒక బోరైనను వేయకముందు మీ బావులలో యురేనియము, రేడియము ఎంత యుండెనో, టన్ను రాతికి ఖనిజపు పాలెంతయో, కాబట్టి చెరువునకు పోవు బురద ఏటికెంతయో, ఆ చెరువు అడుగు పొర ఏ పదార్థమో, ఎన్ని యేండ్లకు హామీయో. ఆ మూటిని వ్రాతమూలకముగా ఇప్పించుకొనక సభనుండి లేవకుడు.